సైతాను వంతెన అవతలి ఊరు



ఆల్ప్స్ పర్వతాల నడిబొడ్డున, స్విట్జర్లాండులోని ఊరీ అనే రాష్ట్రంలో, ఆండర్‌మాట్ అని ఒక చిన్న ఊరుంది. జనాభా పదిహేను వందలకు అటూ ఇటూ. సముద్రమట్టానికి సుమారు 1,440 మీటర్ల ఎత్తు. జనాన్ని బట్టి చూస్తే మన దగ్గర దాన్ని ఒక మాదిరి పల్లె అంటాం. కానీ జర్మనీ వైపు నుంచి ఇటలీకి, ఇటలీ నుంచి అటూ నడిచిన వర్తకం, సైన్యాలు, టపా బండ్లు ఆరు వందల ఏళ్లకు పైగా ఈ ఊళ్లోంచే వెళ్లాయి. రైళ్లు వచ్చాక అవి ఈ ఊరి కిందుగా వెళ్లాయి. ఈ పూట ఆ ఊరి గురించి, దాని వాకిట్లో ఉన్న ఒక వంతెన గురించి, ఆ వంతెన చుట్టూ పుట్టిన కథ గురించి మీతో మాట్లాడతాను.

ముందు ఊరు ఎలాంటి చోట కూర్చుందో చెప్పాలి. అది తెలియకపోతే కథ అర్థం కాదు.

ఆండర్‌మాట్ ఉన్న లోయ పేరు ఉర్సెరెన్. పడమర కొసన రెయాల్ప్, నడుమ హోస్పెంటాల్, తూర్పు కొసన ఆండర్‌మాట్, వరసగా మూడు ఊళ్లు. లోయ అడుగు చదునుగా ఉంటుంది, పచ్చిక పరుచుకుని ఉంటుంది, దాని మధ్య రాయిస్ అనే ఏరు తొందర లేకుండా పారుతుంది. ఈ లోయను నాలుగు వాకిళ్ల ఇల్లు అనుకోండి. పడమటి వాకిలి ఫుర్కా కనుమ, తూర్పు వాకిలి ఓబరాల్ప్ కనుమ, దక్షిణపు వాకిలి గొట్టార్డ్ కనుమ. మూడూ రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నాయి. ఆ కనుమల మీద నిలబడితే ఖండం మొత్తం నీళ్లు పంచుకునే చోటు తెలుస్తుంది. ఊరి నుంచి ముప్పై కిలోమీటర్ల లోపలే రైన్ నది పుట్టి ఉత్తర సముద్రానికి పోతుంది. ఫుర్కా అవతలి హిమానీనదం నుంచి రోన్ నది పుట్టి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. గొట్టార్డ్ అవతల టిచీనో పుట్టి, పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ చేరుతుంది. రాయిస్ మాత్రం మన లోయలోనే పారి, ఆనక రైన్ నీళ్లలో కలిసిపోతుంది.

ఇక నాలుగో వాకిలి ఉత్తరాన ఉంది. అక్కడికి వచ్చాకే చిక్కు మొదలవుతుంది.

ఉర్సెరెన్ లోయ మెత్తని పలకరాళ్ల పట్టీ మీద ఏర్పడింది. దానికి రెండు పక్కలా కఠినమైన గ్రానైటు కొండలు. మెత్తని రాయిని హిమానీనదం సులువుగా తొలిచి వెడల్పైన లోయ చేసింది. కానీ రాయిస్ ఉత్తరానికి దిగాలంటే గ్రానైటును కోసుకుంటూ పోవాలి. అలా కోసుకుంటూ పోయిన గండి పేరు షోల్లెనెన్. చదునున మెల్లగా పారుతున్న ఏరు ఒక్క మలుపు తిరగగానే నిట్టనిలువు బండల మధ్య పడి, హోరుమంటూ కిందికి దూకుతుంది. గండి కింది కొసన గెషెనెన్ అనే ఊరుంది. ఆండర్‌మాట్‌కూ గెషెనెన్‌కూ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు, ఎత్తులో తేడా మూడు వందల మీటర్లకు పైన. పక్కపక్క ఊళ్లే. అయినా వందల ఏళ్లపాటు ఆండర్‌మాట్ వాళ్లకు గెషెనెన్ చేరడం కంటే మంచు దారిన ఓబరాల్ప్ కనుమ ఎక్కి తూర్పుకు పోవడమే తేలిక. అందుకే ఈ లోయ మొదట్లో ఉత్తరాది వాళ్ల చేతిలో లేదు, కనుమ అవతల ఉన్న డిసెంటిస్ మఠం ఏలుబడిలో ఉండేది. ఊరి అంచున ఉన్న పాత కొలంబాన్ చర్చి ఆ మఠంతో ఉన్న బంధానికి గుర్తు.

ఆ గండిలో దారి ఎవరు వేశారు? చరిత్రకారులు ఎక్కువ మంది చెప్పేది వాల్సర్ల పేరు. వీళ్లు పడమటి నుంచి, రోన్ నది పుట్టిన వాలై సీమ నుంచి, ఫుర్కా కనుమ దాటి వచ్చి స్థిరపడిన కొండ రైతులు. నిలువు కొండచరియకు కొయ్య కాలువలు వేలాడదీసి పొలాలకు నీళ్లు మళ్లించడం వాళ్లకు తాతల నాటి విద్య. నీటిని అలా నడిపించగలిగినవాళ్లు మనిషినీ అలాగే నడిపించారు. బండకు గొలుసులతో కట్టిన కొయ్య పలకల దారి ఒకటి ఏటి పక్కగా వేలాడేది. దానికి కొంచెం కింద, ఏటి మీద ఒక కొయ్య వంతెన. ఇది సుమారు 1230 నాటి మాట. 1231లో జర్మన్ రాజు హెన్రీ ఊరీ ప్రజలకు నేరుగా తన కింద ఉండే హక్కు పత్రం ఇచ్చాడు. ఒక మారుమూల కొండసీమ మీద రాజుకు అంత అక్కర ఎందుకు కలిగిందంటే, గొట్టార్డ్ దారి తెరుచుకుంది కాబట్టే అంటారు.

చరిత్ర చెప్పేది ఇది. ఊరు చెప్పుకునేది వేరు.

గండి మీద వంతెన కట్టాలని ఊరీ వాళ్లు ఎన్నిసార్లు ప్రయత్నించినా నిలవలేదట. కట్టిందల్లా ఏరు ఎత్తుకుపోయేది. చివరికి విసిగిపోయిన ఊరి పెద్ద, ఇక ఆ సైతానే వచ్చి కట్టాలి అని అరిచాడట. అన్న నోరు మూయకముందే సైతాను ఎదుట నిలబడ్డాడు. కడతాను, కానీ మొదట దాటిన ప్రాణం నాది అన్నాడు. పెద్దలు సరేనన్నారు. మూడు రోజుల్లో నిక్షేపంలాంటి రాతి వంతెన లేచింది. అవతలి గట్టున సైతాను కూర్చుని ఎదురు చూస్తున్నాడు. ఇవతల ఊరంతా పోగయింది, ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యరు. అప్పుడు ఒక రైతు తన మేకపోతును తెచ్చి వంతెన మీదికి తోలాడు. ఇదిగో నీ మొదటి ప్రాణం, తీసుకో!

సైతాను మండిపడ్డాడు. మేకను అక్కడికక్కడే చీల్చేసి, వంతెనను పొడి చెయ్యడానికి ఇంటంత బండను తేవడానికి కిందికి పోయాడు. బండను భుజానికెత్తుకుని కొండ ఎక్కుతూ, గెషెనెన్ దగ్గర అలిసిపోయి దించి ఆయాసం తీర్చుకుంటున్నాడు. అటుగా వచ్చిన ఒక ముసలమ్మ అతన్ని పోల్చుకుంది. అరవలేదు, పారిపోలేదు. దగ్గరికి వెళ్లి బండ మీద సిలువ గుర్తు గీసింది. ఆ తరువాత ఎంత గింజుకున్నా సైతాను ఆ బండను ఎత్తలేకపోయాడు.

ఇలాంటి కథ యూరప్‌లో చాలా వంతెనలకు ఉంది. ఒక్కో చోట మేక బదులు కుక్కో, కోడిపుంజో ఉంటుంది. షోల్లెనెన్ కథలో నాకు నచ్చేది ఆ ముసలమ్మ. ఊరి పెద్దలు బేరమాడారు, రైతు ఎత్తు వేశాడు, కానీ ఊరిని నిజంగా కాపాడింది దారిన పోయే ఒక అవ్వ ధైర్యం. ఇంకో సంగతి కూడా గమనించండి. ఈ కథలో కూలీలు లేరు. గొలుసులకు వేలాడుతూ బండకు రంధ్రాలు కొట్టినవాళ్లు లేరు. జారిపడి పోయినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్లూ లేరు. కథ ప్రకారం దారికి పడ్డ వెల ఒక్క మేకపోతు. ఆండర్‌మాట్ చరిత్ర చదువుతున్నంతసేపూ నా మనసు ఈ మాట దగ్గరే ఆగింది. దారి తెరుచుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు మొదట దాటాలి. ఎవరు దాటారు?

మొదట దాటినవి కంచరగాడిదలు. బిడారులు కట్టి సరుకు మోసే వృత్తి మీదనే లోయ బతికింది. ఒక ఊరి బిడారు వాళ్లు తమ హద్దు దాకా మోసి, అక్కడ పక్క ఊరి వాళ్లకు అప్పగించాలి. బయటివాళ్లు వచ్చి ఆ పని లాక్కోవడానికి వీల్లేదు. దారి సంపాదన ఏ ఒక్క ఊరి సొత్తూ కాకుండా అందరికీ పంచిన కట్టుబాటు అది. 1410లో లోయ ప్రజలు ఊరీతో ఒప్పందం చేసుకున్నారు, కానీ తమ గ్రామసభను, తమ మేత భూములను వదులుకోలేదు. ఆ ఉమ్మడి సంస్థ ఇవాళ్టికీ ఉర్సెరెన్ పచ్చికలకు యజమాని.

1595లో కొయ్య వంతెన స్థానంలో రాతి వంతెన వచ్చింది. 1708లో మరో పెద్ద పని జరిగింది. గొలుసుల దారి ఏటికోసారి వరదకు దెబ్బతింటుంటే, పియెత్రో మొరెత్తీని అనే ఇంజనీరు అసలు ఆ బండలోంచే దారి తొలిచాడు. పొడవు 64 మీటర్లు. ఇవాళ్టి లెక్కకు చిన్నదే, కానీ ఆల్ప్స్‌లో దారి కోసం తొలిచిన తొలినాటి సొరంగాల్లో అదొకటి. చీకటి గండిలోంచి ఆ సొరంగంలో దూరిన బాటసారికి అవతల ఒక్కసారిగా పచ్చిక, ఎండ, ప్రశాంతంగా పారే ఏరు కనబడేవి. జర్మన్ మహాకవి గోథే ఈ దారిన మూడుసార్లు వచ్చాడు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ ఈ వంతెన బొమ్మలు గీశాడు.

ఆ తరువాత 1799 వచ్చింది. ఆ ఒక్క ఏడాదే ఫ్రెంచి, ఆస్ట్రియా, రష్యా సైన్యాలు మూడూ ఈ లోయను తొక్కాయి. మూడు సైన్యాల ఆకలీ ఆ మూడు ఊళ్లే తీర్చాల్సి వచ్చింది. సెప్టెంబరులో, దాదాపు డెబ్భై ఏళ్ల వయసున్న రష్యన్ సేనాని సువరోవ్, ఇరవై వేల మందితో ఇటలీ నుంచి గొట్టార్డ్ ఎక్కాడు. జూరిక్ దగ్గరున్న మరో రష్యన్ సైన్యాన్ని కలుసుకోవాలని ఆయన ఆరాటం. 25వ తేదీన సైతాను వంతెన దగ్గర ఫ్రెంచివాళ్లు దారిలో కొంత భాగాన్ని కూలగొట్టి, ఎదుటి బండల మాటున కాచుకుని ఉన్నారు. రష్యన్ సైనికులు దొరికిన దూలాలు తెచ్చి, వాటిని అధికారుల నడికట్లతో బిగించి, తుపాకి గుళ్ల మధ్య దాటారని చెబుతారు. ఇక్కడ కథలోని మేకపోతు లేదు. మొదట దాటినవాళ్లు ఎక్కడో రష్యా పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు. గుండె పిండేది ఏమిటంటే, అదే రోజుల్లో జూరిక్ దగ్గర వాళ్లు కలుసుకోవాల్సిన సైన్యం ఓడిపోతోంది. గండి దాటి కిందికి దిగిన సువరోవ్‌కు ముందు సరస్సు అడ్డం వచ్చింది, పడవలు లేవు. మళ్లీ కొండలే ఎక్కాడు, కనుమ తరువాత కనుమ దాటి, వేల మందిని మంచులో పోగొట్టుకుని బయటపడ్డాడు. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా గండి గోడలో చెక్కిన పన్నెండు మీటర్ల సిలువ, కింద రష్యన్ అక్షరాలు, ఇవాళ్టికీ ఉన్నాయి.

1830 నాటికి బండ్లు పోయే కొత్త వంతెన తయారైంది. పాత వంతెన 1888లో కూలింది. మోటారు కార్ల కోసం 1958లో మరొకటి వచ్చింది. ఈ చివరి రెండూ ఒకదాని మీద ఒకటిగా నిలిచి ఉన్నాయి. పక్క బండ మీద ఊరీ చిత్రకారుడు హైన్‌రిష్ డానియోత్ 1950లో గీసిన ఎర్రని సైతాను బొమ్మ ఉంది.

రైలు సంగతికి వస్తున్నాను. గొట్టార్డ్ కింద 15 కిలోమీటర్ల సొరంగం తవ్వే పని 1872లో మొదలైంది. ఉత్తరాన గెషెనెన్, దక్షిణాన ఐరోలో, రెండు వైపుల నుంచీ తొలిచారు. జెనీవాకు చెందిన లూయీ ఫావ్ర్ కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలీలు ఎక్కువ మంది ఇటలీ పేదలు. లోపల ఉక్క, డైనమైటు పొగ, మోకాలి లోతు బురద. సరిగ్గా ఆండర్‌మాట్ కింద, ఇందాక నేను చెప్పిన మెత్తని రాయి తగిలి, కట్టిన గోడలను నొక్కి పగలగొట్టింది. కొంకి పురుగుల వ్యాధి కూలీల రక్తాన్ని పీల్చింది. 1875 జులైలో గెషెనెన్‌లో కూలీలు పని ఆపితే, ఊరీ రాష్ట్రం పంపిన సాయుధులు కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు. ప్రమాదాల్లో పోయినవాళ్లు రెండు వందల మంది దాకా. జబ్బు పట్టి స్వగ్రామం చేరాక కన్నుమూసినవాళ్లు ఆ లెక్కలో లేరు. 1879 జులైలో పని చూడడానికి లోపలికి వెళ్లిన ఫావ్ర్ కూడా సొరంగంలోనే కుప్పకూలి చనిపోయాడు.

1880 ఫిబ్రవరి చివరి రోజుల్లో రెండు వైపుల తవ్వకాలూ కలిశాయి. అడ్డుగా మిగిలిన రాతిలో ఒక రంధ్రం పడింది. ఆ రంధ్రంలోంచి అవతలివాళ్లకు కూలీలు మొట్టమొదట అందించింది ఏమిటో తెలుసా? రేకు డబ్బాలో పెట్టిన ఫావ్ర్ ఫొటో. సొరంగాన్ని మొదట దాటాల్సినవాడు ఆయనే అని వాళ్లు తలచారు. సైతాను కథ ఆ కూలీలకు గుర్తుందో లేదో నాకు తెలియదు. కానీ మేకను తోలిన రైతు పనికీ, చనిపోయినవాడికి మొదటి అడుగు ఇచ్చిన ఈ కూలీల పనికీ మధ్య ఉన్న తేడా నన్ను కదిలించింది. వాళ్ల కోసం విన్‌చెంజో వేలా అనే శిల్పి ఒక శిల్ప ఫలకం చేశాడు, చనిపోయిన తోటివాణ్ణి మోసుకొస్తున్న కూలీలు అందులో ఉంటారు. దాని కంచు పోత ఐరోలో స్టేషన్ దగ్గర ఉంది.

1882లో రైళ్లు నడిచాయి. ఆండర్‌మాట్‌కు మూడు వందల మీటర్ల కింద నుంచి. బిడారులు, టపా బండ్లు, గుర్రాల కొట్టాలు, సత్రాలు అన్నీ ఒక్క దెబ్బకు ఖాళీ అయ్యాయి. ఆ తరువాత ఊరికి అన్నం పెట్టింది సైన్యం. 1885 నుంచి కనుమలను కాపాడే కోటలు కట్టడం మొదలైంది, వంద ఏళ్లకు పైగా ఆండర్‌మాట్ సిపాయిల ఊరుగా ఉండిపోయింది.

ఊరి వెనక కొండవాలు మీద ఒక త్రికోణం ఆకారంలో అడవి ఉంది. చుట్టూ బోసిగా ఉన్న లోయలో ఆ పచ్చని ముక్క దూరం నుంచే కనబడుతుంది. మంచుచరియలు ఇళ్ల మీదికి దొర్లకుండా ఆపేది అదే. దాన్ని నరకకూడదని లోయ ప్రజలు 1397లోనే శాసనం రాసుకున్నారు. వంట చెరుకుకే కటకటలాడే చోట, చలికాలం ఆరేడు నెలలు ఉండే చోట, కంటి ముందున్న చెట్టును ముట్టుకోకుండా ఆరు వందల ఏళ్లు నిగ్రహించుకోవడం చిన్న విషయం కాదు. అయినా కొండ ఒక్క వైపు నుంచే రాదు కదా. 1951 జనవరి 20న, గంట వ్యవధిలో ఆరు మంచుచరియలు ఆండర్‌మాట్ మీద పడ్డాయి. 13 మంది చనిపోయారు.

దానికి ఐదేళ్ల ముందు ఊరు అసలు లేకుండానే పోయేది. గండి నోటి దగ్గర ఒక పెద్ద ఆనకట్ట కడితే ఉర్సెరెన్ మొత్తం జలాశయం అవుతుందని, దాంతో దేశానికి విస్తారంగా విద్యుత్తు వస్తుందని విద్యుత్ కంపెనీలు లెక్క వేశాయి. మూడు ఊళ్లూ మునగాలి. ముంపు అంటే ఏమిటో నాగార్జునకొండ, శ్రీశైలం చూసిన మనకు వేరే చెప్పనక్కర లేదు. పరిహారం ఇస్తామన్నారు, కొత్త ఊళ్లు కట్టిస్తామన్నారు. లోయ ఒప్పుకోలేదు. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి, భూములు కొనడానికి ఊళ్లోకి వచ్చిన ఇంజనీరును జనం చుట్టుముట్టి, కొట్టి తరిమేశారు. కొట్టడం తప్పే. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోగలం. దేశానికి వెలుగు కావాలి, సరే, దానికి మొదటి ప్రాణంగా మేమే ఎందుకు పోవాలని వాళ్లు అడిగారు. పథకం ఆగిపోయింది.

ఆగిపోయిందా అంటే, ఇంకో చోటికి పోయింది. గెషెనెన్ నుంచి పడమరగా కొండల్లోకి వెళ్తే గెషెనెరాల్ప్ అని చిన్న పల్లె ఉండేది. కొన్ని ఇళ్లు, ఒక చర్చి. 1960 నాటికి అక్కడ 155 మీటర్ల ఎత్తు మట్టికట్ట లేచింది, పల్లె మునిగింది. జనానికి కొంచెం కింద గ్వూస్ట్ అనే చోట ఇళ్లూ, చర్చీ కట్టించారు. ఆ నీటితో తయారయ్యే విద్యుత్తులో కొంత భాగం స్విస్ రైల్వేలకు పోతుంది. గొట్టార్డ్ సొరంగం దాటే రైలెక్కినవాళ్లకు ఆ పల్లె పేరు కూడా తెలియదు. పెద్ద ఊరు గట్టిగా అరవగలిగింది, చిన్న పల్లె అరవలేకపోయింది. ఈ విషయం ఆండర్‌మాట్ గురించి మురిపెంగా చెప్పేటప్పుడు ఎవరూ మరిచిపోకూడదని నా అభిప్రాయం.

సైతాను బండ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అది నిజంగానే గెషెనెన్ దగ్గర ఉంది. బరువు రెండు వందల టన్నులకు పైగా. 19వ శతాబ్దం చివర ఒక చాక్లెట్ కంపెనీ దాన్ని కొని, పసుపు రంగు పూసి, ప్రకటన బోర్డు చేసుకుంది. 1970లలో కొత్త మోటారు రహదారికి అది సరిగ్గా అడ్డం వచ్చింది. పేల్చేద్దామన్నారు ఇంజనీర్లు. వీల్లేదన్నారు ఊరీ జనం. చివరికి 1977లో, మూడు లక్షల ఫ్రాంకుల ఖర్చుతో, బండను చెక్కుచెదరకుండా 127 మీటర్లు పక్కకు జరిపారు. సైతాను ఎత్తలేని రాయిని జాకీలు, పట్టాలు వేసి మనుషులే కదిలించారు. 1980లో ఆ రహదారి సొరంగం కూడా తెరుచుకుంది. 2016లో ఇంకా లోతున, 57 కిలోమీటర్ల కొత్త రైలు సొరంగం వచ్చింది. అది అసలు ఆండర్‌మాట్ వైపే రాదు.

సైన్యం బలగాన్ని తగ్గించుకున్నాక, ఈజిప్టు వ్యాపారి సమీహ్ సవీరిస్ వచ్చి పాత కవాతు మైదానాల్లో హోటళ్లు, ఇళ్లు, గోల్ఫు మైదానం కట్టించాడు. 2007లో ఊరి జనం ఓటు వేసి దానికి భారీగా ఆమోదం తెలిపారు. ఊళ్లో మళ్లీ పని దొరికింది, వెళ్లిపోతున్న యువకులు కొందరు ఆగారు. ఇళ్ల ధరలు మాత్రం అక్కడ పుట్టినవాళ్లకు అందనంత పెరిగాయి. ఈ బేరం లెక్క తేలడానికి ఇంకో తరం పడుతుంది.

మీలో ఎవరైనా, లేదా ఆ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మీ పిల్లలెవరైనా, జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ పోయే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, అది ఆండర్‌మాట్‌లో ఆగుతుంది. అక్కడ దిగండి. గెషెనెన్‌కు పళ్లపట్టా రైలు ఉంది కానీ, దిగేటప్పుడు దాన్ని ఎక్కకండి. ఎండాకాలంలో గండి వెంట కాలిబాట ఉంటుంది, గంటన్నర నడక. ముందు పాత సొరంగం దగ్గర, తరువాత వంతెన మీద, ఆ పైన రష్యన్ సిలువ దగ్గర ఆగండి. కిందికి దిగాక గెషెనెన్ స్మశానంలో లూయీ ఫావ్ర్ స్మారకం కూడా ఉంది. రైలు టైము చూసుకుని, ఆ స్మారకానికి ఒక పావుగంట కేటాయించుకోండి.